గంగలో ముంచిన మంచాలు

"గంగల ముంచుతె తప్ప నల్లులు చావయి," అంది బాపమ్మ.

"ముంచుండ్రి అత్తా, నేనొద్దన్ననా? ఇయ్యాల్ల ఒద్దంటున్న. రేపు పొద్దుగాల వాళ్ల నావ ఆగేది గా రేవులనే. దిగంగనే మన మంచాలు నీళ్లల్ల కాళ్లు పైకి పెట్టుకొని కనవడ్తయి. ఇగ మనింటికెందుకొస్తరు? అటే మర్లి పోతరు," అంది అమ్మ.

"తెల్లారకముందే తీస్త."

"పోయినేడు వచ్చినోళ్లు గూడ తెల్లారకముందే పోయిండ్రు. మీరు లేచేసరికి చాపలు సుత మడతవెట్టి పోయిండ్రు."

బాపమ్మ చేతిలో చీపురు ఆగిపోయింది. ఆ మాట ఎవరూ అనకూడదు. మా ఇంట్లో ఏడాదిగా అనకుండా దాచుకున్న మాట అది. గడప మీద కూర్చున్న కాక లేచి పెరట్లోకి వెళ్లిపోయాడు.

బాపమ్మ అంటే మా నాన్న తల్లి. కాక అంటే నాన్న తమ్ముడు. గొడవ నల్లులదే గానీ అసలు సంగతి కాక పెళ్లి. మా వైపు పిల్లనిచ్చేవాళ్లు ముందు ఇల్లు చూడ్డానికి వచ్చి ఒక రాత్రి పడుకునేవారు. గుమ్మిలో వడ్లు ఎంతున్నాయో, బావి నీళ్లు ఎలా ఉన్నాయో, అత్త నోరు ఎలాంటిదో ఆ ఒక్క రాత్రిలో తేలిపోవాలి. నచ్చితే పొద్దున్నే ఆ ఇంట్లో తింటారు. నచ్చకపోతే మంచినీళ్లు కూడా ముట్టరు. పోయిన ఎండాకాలం వచ్చినవాళ్లు మంచం మీద కాసేపు దొర్లి, తర్వాత నేల మీద చాపలు వేసుకుని, చీకటుండగానే లేచి వెళ్లిపోయారు. వాళ్ల కోసం వండిన కొర్రమీను పులుసు మేమే తిన్నాం. బాపమ్మ మాత్రం ముట్టలేదు. తర్వాత ఇంకొక సంబంధం వాళ్లు రేవు దాకా వచ్చి, ఎవరో ఏదో చెప్పగా అక్కడి నుంచే తిరిగిపోయారు. ఊళ్లో కాకను చూసి పిల్లలు మోచేతులు గోక్కునేవారు.

రేపు వచ్చేది మూడో సంబంధం. అదీ పోతే ఇక మా ఇంటికి పిల్లనిచ్చేవాడు రెండు ఒడ్ల మీదా ఉండడు.

ఇదంతా ఇప్పుడెందుకు గుర్తొచ్చిందంటే మా కోడలు తెచ్చిన పురుగుల మందు డబ్బా వల్ల. రోహిణి పోయి మృగశిర రాబోయే రోజులివి. చినుకు పడదు, చెమట ఆగదు. బొద్దింకలు, చీమలు, దోమలు అన్నీ ఇప్పుడే బయటికొస్తాయి. కోడలు కిటికీలు మూసి ఆ డబ్బాతో బుస్సుమని కొట్టింది. మనవడికి దగ్గు, నాకు గొంతు మంట. బొద్దింకలు మాత్రం పొరుగింటికి పోయి మరునాడు తిరిగొచ్చాయి. నేను కేకలేసి కిటికీలు తీయించి, కాలవ గట్టు మీది వావిలి కొమ్మలు విరిచి తెచ్చాను. "నీకేం తెలుసు నానమ్మా, నువ్వు బడికే పోలేదు కదా," అన్నాడు మనవడు. పోయాను. పలక పగిలేదాకా పోయాను. రెండో పలక కొనడం దండగని బాపమ్మ మాన్పించింది. కానీ ఏ పురుగుకు ఏ ఆకో ఆవిడ దగ్గర నేర్చుకున్నది మాత్రం నాకు ఇంకా పోలేదు.

మా ఇల్లు సిరోంచలో ప్రాణహిత ఒడ్డుకు దగ్గర్లో. మేం ఆ ఏటిని గంగ అనేవాళ్లం. ఆ రోజుల్లో అవతలి ఒడ్డు వేరే రాజ్యం. అక్కడి నాణేలు ఇక్కడ చెల్లేవి కావు, ఇక్కడి మాట మాత్రం అక్కడ చెల్లేది. సంబంధాలు అటూ ఇటూ నడిచేవి. మండుటెండల్లో గంగ సన్నబడి, ఇసుక మేటల మధ్య పాయగా పారేది. ఒడ్డంతా పుచ్చకాయల వాసన, ఎండు చేపల వాసన. ఇళ్లల్లో మామిడి పళ్ల వాసన, ఇప్పపువ్వు పులిసిన వాసన, దానికి చెమట వాసన తోడు.

ఈ కాలం వచ్చిందంటే బాపమ్మకు యుద్ధం వచ్చినట్టే. కొంగు నడుముకు బిగించి, తెల్లవారగానే మమ్మల్ని లేపేది. నేనూ తమ్ముడూ ఆవిడ సైన్యం. మాకు అంతకన్నా పండగ లేదు.

మొదట ఏటి ఒడ్డుకు పోయి వావిలాకు కోసేవాళ్లం. ఆకు నలిపితే ముక్కులో గుచ్చే వాసన. దాన్ని నీడన ఆరబెట్టాలి. ఎండలో పెడితే వాసన పోతుంది, దాంతో పాటే గుణం పోతుంది. వడ్లను ఎండబోసి, పూర్తిగా చల్లారాక గుమ్మిలో పోస్తూ నడుమ నడుమ ఆ ఆకు పరిచేది. వేడి మీద పోస్తే లోపల చెమ్మ పట్టి, మనమే పురుగును పిలిచి అన్నం పెట్టినట్టు. చివరికి మూతి మీద మట్టీ పేడా కలిపి మెత్తేది. ఆ మెత్తిన దాని మీద నా చెయ్యి అచ్చు వేస్తే ఏమీ అనేది కాదు. తమ్ముడు వేస్తే మాత్రం తిట్టేది, వాడి చెయ్యి ఎప్పుడూ మామిడి రసంతో జిగటగా ఉండేది కాబట్టి.

"ఈగలు ఏడికెల్లి వస్తయి బాపమ్మా?" అని వాడు అడిగితే, "నీ చేతులకెల్లే," అనేది. తిన్న మామిడి తొక్కలు వెంటనే బర్రెకు వేయాలి. టెంకలు బూడిదలో దొర్లించి ఎండకు పెట్టాలి. వాకిట్లో ఒక్క తొక్క కనబడ్డా ఆ పూట మాకు పండు లేదు.

చీమలకు బూడిద గీత. మా పొరుగున, ఊరంతా ఖాలా అని, అంటే ఉర్దూలో పిన్ని అని, పిలిచే ఆవిడ ఉండేది, బట్టల దుకాణం ఆయన భార్య. ఆవిడ పసుపు చల్లేది. బాపమ్మ అది చూసి ఊరుకునేది కాదు.

"పసుపు కూరల ఎయ్యక చీమలకేస్తున్నవా ఖాలా? మీ ఆయన దుకాణం ఏమాయె?"

"జర నోరు మూసుకో అక్కా. నీ బూడిద గాలొస్తె పోతది. నా పసుపు నిలవడ్తది."

"గాలొస్తె మల్ల ఏస్త. బూడిదకు కొదవా?"

ఇద్దరూ గోడకు అటూ ఇటూ నిలబడి రోజూ ఇదే మాట్లాడుకునేవారు. సాయంత్రం ఖాలా మాత్రం గిన్నెలో నిప్పు మీద లోబాన్, అంటే సాంబ్రాణి, వేసుకుని గోడ మీదుగా అందించేది, బాపమ్మ వేపాకు పొగ వేసిన కుండ అటు అందించేది. దోమలకు వేపాకు సగం ఎండినదే కావాలి. పచ్చిదైతే దగ్గొస్తుంది, పూర్తిగా ఎండితే భగ్గున మండి అయిపోతుంది. జిమల్‌గట్ట వైపు నుంచి గోండు ఆడవాళ్లు బుట్టల్లో ఇప్పగింజలు తెచ్చేవారు. నూనె తీశాక మిగిలే చెక్కను నిప్పుల మీద పొడిచేసి వేస్తే, ఆ ఘాటుకు ఎలకలు కూడా చూరు వదిలి పోయేవి. మా తలల్లో పేలకు సీతాఫలం గింజలు నూరిన ముద్ద. అది కంట్లో పడితే ప్రమాదమని మా కళ్లకు గుడ్డ కట్టి, ఆపైన నుదుటి చుట్టూ ఇంకో గుడ్డ చుట్టి మరీ రాసేది. గుడ్డి పిల్లల్లా ఒకరినొకరం తడుముకుంటూ వాకిట్లో తిరగడం మాకు పెద్ద ఆట.

అన్నిటికీ లొంగనివి నల్లులే. మిట్టమధ్యాహ్నం మంచాన్ని ఎత్తి దాని కోళ్లను, అంటే కాళ్లను, బండ మీద దబదబా కొడితే రాలిపడేవి. మేం పుల్లలతో నలిపేవాళ్లం. నలిపితే కుళ్లిన కొత్తిమీర వాసన. నాకు ఇప్పటికీ కొత్తిమీర కట్ట వాడితే ఆ ఎండ, ఆ బండ, తమ్ముడి కేరింతలు గుర్తొస్తాయి. కానీ పట్టెలు కోళ్లలో దూరే సందుల్లో ఉన్నవి మాత్రం ఎంత కొట్టినా రావు. అందుకే ఊరంతా వానలకు ముందు మంచాలను గంగలో ముంచి, రాళ్లు పెట్టి, ఒక రాత్రి నానబెట్టేవారు. ఎవరి మంచం ఎవరిదో కలిసిపోకుండా ప్రతి ఇంటికీ కోడు మీద చెక్కిన గుర్తు ఉండేది. ఖాలా వాళ్లది తాళంచెవి. ఇంకొకరిది కొడవలి. మా తాత తేలు చెక్కాననుకున్నాడు. ఊళ్లో అందరూ దాన్ని ఎండ్రికాయ అన్నారు. నావ నడిపే ఆయన మమ్మల్ని చూసి "ఎండ్రికాయోళ్లు" అనే పిలిచేవాడు. తాత బతికినన్నాళ్లూ అది తేలే అని అందరితో వాదించాడట.

ఆ ఏడు బాపమ్మ మంచాలు ముంచడానికి ఇంకా టైముందనుకుంది. ఈలోపు నావాయన కబురు తెచ్చాడు, అవతలి ఒడ్డు మీది దిగువ ఊరి నుంచి పిల్ల తల్లి మర్నాడే వస్తోందని. అందుకే వాకిట్లో ఆ గొడవ.

గొడవ ఎలా తెగిందంటే, పెరట్లోకి పోయిన కాక ఒక మంచాన్ని తల మీద పెట్టుకుని తిరిగొచ్చాడు. "నేనైతె ముంచుత. పొద్దుగాల వాళ్లు చూస్తె చూస్తరు. రాత్రికి కుడ్తె మాత్రం ఇగ నాకు ఈ జన్మల పెండ్లి కాదు," అన్నాడు. అమ్మ ఒక మంచం కొస తనే పట్టుకుంది.

ఆ ఊరేగింపు నా కళ్లముందే ఉంది. ముందు కాక, వెనక నాన్న, అమ్మ, ఆ వెనక చీపురుతో బాపమ్మ, చివర తాడు మోస్తూ మేం. దారిలో ఖాలా తలుపు తెరిచి చూసి, తనూ ఒక కొస పట్టింది. తన మంచాలు వారం కిందటే ముంచి తీసింది కాబట్టి ఆ సాయంత్రం ఆవిడ నడకలో కొంచెం దర్జా ఉంది.

గంగ మోకాళ్ల లోతు, అడుగున ఇసుక రవ్వలు లెక్కపెట్టేంత తేట. కాక మంచాన్ని నీళ్లలో వదలగానే నేనూ తమ్ముడూ దాని మీదికి దూకాం. అది కాస్త మునిగి, మళ్లీ తేలి, మెల్లగా తిరగడం మొదలుపెట్టింది. మేం చేతులతో తెడ్డు వేశాం. అవతలి రాజ్యానికి పోతున్నామని తమ్ముడు కేకలు పెట్టాడు. కాక పరుగెత్తుకొచ్చి లాగి, ఇద్దరి వీపుల మీదా ఒక్కొక్కటి వేశాడు. ఆ నెలంతా ముఖం మాడ్చుకుని తిరిగిన మనిషి అప్పుడు మాత్రం నవ్వుతున్నాడు.

మంచాలు బోర్లించి, పట్టెల మీద రాళ్లు పెట్టారు. కాసేపటికి ఎక్కడి నుంచో పిత్త పరిగెలు గుంపులుగా వచ్చాయి. సందుల్లోంచి తేలుతున్న నల్లులను టపటపా అందుకుంటున్నాయి. నీళ్లు ఉడుకుతున్నట్టు కదిలాయి. మేం ఊపిరి బిగబట్టి చూశాం. బాపమ్మ కూడా ఒడ్డున చతికిలబడి చూసింది. "తినుండ్రి బిడ్డా, తినుండ్రి," అంది చేపలతో, మాకెప్పుడూ అనని గొంతుతో.

ఇక తాడు కట్టాలి. అమ్మ ఇంట్లోంచి కొత్త తాడు చుట్ట తెచ్చింది. బాపమ్మ అది చూసి లాక్కుంది.

"ఇదెందుకు తెచ్చినవు?"

"పాతది చీకిపోయింది అత్తా. ఎడ్లే తెంపుకున్నయి దాన్ని."

"కొత్త తాడు నీళ్లల్ల నానవెట్టేతందుకు కొన్ననా? ఒక్క రాత్రి. మోకాలంత నీళ్లు. మంచాలేమన్న ఎడ్లా, తెంపుకొని ఉరుకుతందుకు?"

పాత పలుపుతోనే ఒడ్డున ఉన్న మొద్దుకు కట్టింది. తిరిగొస్తుంటే ఎగువన, ఏటపల్లి అడవుల వైపు, ఆకాశం అంచున మెరుపు మెరిసింది. చప్పుడు లేదు.

"ఎగువకు వాన పడ్తున్నట్లున్నది," అంది అమ్మ.

బాపమ్మ వంగి చీమల బారు చూసింది. "చీమలు గుడ్లు మోస్తలెవ్వు. వాన రాదు."

ఆ మాట నిజమే. మా ఊళ్లో ఆ రాత్రి ఒక్క చుక్క పడలేదు.

ఇల్లంతా అలికి, ఇప్పచెక్క పొగ పెట్టి, మూలమూలకూ వావిలాకు దోపి, చాపల మీద పడుకున్నాం. అలికిన నేల చల్లదనం, పొగ వాసన, పక్కన కాక దొర్లుతున్న చప్పుడు. బాపమ్మ తిట్లు కూడా ఆ రాత్రి లేవు. నాకు తెలిసి మా ఇంట్లో అందరూ ఒకే ఆశతో పడుకున్న రాత్రి అదొక్కటే. ఆ రేవు ఇప్పుడు లేదు. వంతెన వచ్చాక నావలు పోయాయి, నులక మంచాలు పోయాయి. మా పాత మంచం కోడు ఒకటి మాత్రం నా దగ్గరుంది, తలుపు కొట్టుకోకుండా అడ్డం పెడతాను. కోడలు పారేస్తానంటుంది. పొయ్యిలో పెట్టడానికి కూడా పనికొచ్చే కట్టెను పారేసే మనుషులను నేను ఈ వయసులో చూడాల్సి వచ్చింది. దాని మీద తాత చెక్కిన తేలు ఇంకా ఉంది. నా కంటికీ అది ఎండ్రికాయే.

పొద్దున్నే అమ్మ అరుపుకు లేచి రేవుకు పరుగెత్తాం. గంగ ఎర్రగా ఉంది. నురగ, కొమ్మలు, ఎండుటాకులు మోసుకుంటూ నడుముల లోతున పారుతోంది. ఎగువ అడవుల్లో పడ్డ వాన రాత్రికి రాత్రే మా దాకా వచ్చింది. మొద్దుకు పాత పలుపు ముక్క వేలాడుతోంది. మంచాలు లేవు.

బాపమ్మ ఆ తాడు ముక్కను చేతిలోకి తీసుకుని, విప్పి, కొంగున కట్టుకుంది. అప్పుడు కూడా దాన్ని పారేయలేదు. అమ్మ ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

"ఇగ వాళ్లను ఏడ కూసుండవెడ్తరు? నా నెత్తి మీదనా?" అన్నాడు కాక. "నేను భామ్రాగడ్ పోత. అడవిల కట్టెలు కొట్టుకొని బతుకుత. ఎవ్వరు నాకు పిల్లను చూడకుండ్రి."

"నా మంచాలు తీస్కపోండ్రి," అంది ఖాలా.

"కోడు మీద తాళంచెవి ఉంటది గదనే. అడిగి తెచ్చుకున్నరని నావల ఉన్నోనికి సుత తెలుస్తది," అంది బాపమ్మ. ఆవిడ గొంతు అంత సన్నగా వినడం నాకదే మొదలు.

ఎండ పైకెక్కింది. నీటి ఉరవడి కొంచెం తగ్గింది. అవతలి ఒడ్డు వెంబడి నావను తాళ్లతో పైదాకా లాగి, అక్కడి నుంచి అడ్డంగా వదిలినట్టున్నారు, వాలుగా మా వైపే వస్తోంది. నావ మధ్యలో ఏదో ఎత్తుగా ఉంది. దాని మీద గొడుగు పట్టుకుని ఎవరో కూర్చున్నారు. ముందు తమ్ముడు గుర్తుపట్టాడు. "కోళ్లు, కోళ్లు," అని గంతులేశాడు. అవును, అవి మంచం కోళ్లే. ఆ మనిషి కూర్చున్నది మా మంచం మీద. వెనక మిగతా మంచాలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి.

"ఎండ్రికాయోళ్లు ఎవ్వలన్న ఉన్నరా? మీ మంచాలు దొరికినయి," అని దూరం నుంచే కేక పెట్టాడు నావాయన. రేవంతా విన్నది.

కాక మొద్దు వెనక నక్కాడు. గొడుగు మూసి దిగింది పిల్ల తల్లి. నెరిసిన జుట్టు, బిగించి కట్టిన ముతక చీర, కొంగుకు ముడి. బాపమ్మ వయసే. అమ్మను, ఖాలాను, నన్ను చూసి, చివరికి బాపమ్మ దగ్గర ఆగింది.

"మీయేనా అక్కా ఈ మంచాలు?"

కాదనడానికి లేదు. "మాయే," అంది బాపమ్మ.

"మా రేవు కాడ తుమ్మ చెట్లకు తట్టుకున్నయి. ఎవ్వలియి అనడిగితె, నువ్వు పోయేది గా ఇంటికే అన్నడు నావాయన. ఏం తాడు కట్టిండ్రు?"

"పలుపు. పాతది."

"ఇంట్ల కొత్తది లేదా?"

"ఉన్నది."

"మరెందుకు కట్టలే?"

అమ్మ తల వంచుకుంది. బాపమ్మ తల వంచలేదు. "కొత్త తాడు నీళ్లల్ల నానవెట్టేతందుకు కొన్ననా?" అంది, నిన్న అన్నంత గట్టిగానే.

పిల్ల తల్లి ఆవిడను పైనుంచి కిందిదాకా చూసింది. తర్వాత తను కూర్చుని వచ్చిన మంచాన్నే నావలోంచి లాగి ఎత్తి, కోడును రేవు బండ మీద దబ్బున కొట్టింది. వంగి చూసింది. ఇంకో కోడు కొట్టింది. వంగి చూసింది. నీళ్లు తప్ప ఏమీ రాలలేదు.

"నిన్న నేను గూడ మా కోడలితోని గదే మాట అన్న," అంది నడుము నిలబెడుతూ. "రాత్రి మా మంచాలు గూడ పోయినయి. మీయి మా దిక్కొచ్చినయి. మాయి ఏ ఊరోళ్లకు దొరికినయో ఏమో."

ఖాలా కొంగు నోట్లో పెట్టుకుని నవ్వింది. తర్వాత అమ్మ నవ్వింది. నవ్వనివాళ్లు బాపమ్మా, పిల్ల తల్లీ మాత్రమే, ఇద్దరూ పోయిన తాళ్ల సంగతి ఆలోచిస్తున్నట్టు నిలబడ్డారు.

"పొద్దుగాల ఏమీ తినక బైలెల్లిన వదినె," అంది పిల్ల తల్లి. "ఇంట్ల ఏమన్న ఉన్నదా?"

అమ్మ మా అందరికన్నా ముందే ఇంటివైపు పరుగెత్తింది. కాక మొద్దు వెనక నుంచి లేచి మంచాన్ని తలకెత్తుకున్నాడు. ఆ పొద్దున ఆవిడ మా వాకిట్లో, ఇంకా తడారని మా మంచం మీద కూర్చుని, అంబలి తాగి, మామిడి తొక్కు పచ్చడి రెండోసారి అడిగి వేయించుకుంది.